పాదం విన్న పిలుపు

అక్కకి,

శుక్రవారం నా ఎడమ పాదం తీసేస్తారనీ, సంతకానికి నువ్వు రావాలనీ రాశాను కదా. కంగారుపడకుండా ఇది పూర్తిగా చదువు.

పది రోజులుగా ఆ షుగరు పుండుకి డాక్టరమ్మ కొత్త మందు పూస్తోంది. ఒంట్లో కణాలకి పైన చెవుల్లాంటివి ఉంటాయట. పెరగమనే కబురు ఆ చెవిని తాకితే, అది లోపలికి చేరవేస్తుందట. అప్పుడు కణం పెరిగి రెండవుతుందట, రెండు నాలుగవుతాయట, అలా పుండు పూడుతుందట. నా కాల్లో ఆ కబురు సరిగ్గా అందక కణాలు పడుకున్నాయి. మందులో ఉన్నది ఆ కబురే.

"నా కణాలు పిలిస్తే పలికే రకం కాదండీ," అన్నాను. "కావాలంటే మా అక్కని అడగండి."

ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు. పొద్దుగూకే వేళ గడపలో నిలబడి, "ఒరే, అన్నం చల్లారిపోతోందిరా!" అని పిలిచేదానివి. గోలీలాటలో ఉన్న నాకది చెవిటివాడి ముందు శంఖమే. చివరికి నువ్వే వచ్చి చెవి మెలేసి లాక్కెళ్లేదానివి. ఆ పిలుపు కోసమైతే ఇప్పుడు రెండో చెవి కూడా అప్పగిస్తాను.

ఇవాళ కట్టు విప్పితే పుండు అంచుల్లో బియ్యపుగింజంత కొత్త చర్మం, గులాబీ రంగులో. "వింటున్నాయండీ. పాదం ఉంటుంది," అంది డాక్టరమ్మ.

శుక్రవారం మాత్రం రా. వచ్చేటప్పుడు నా చెప్పులు పట్టుకురా. రెండూ.

నీ తమ్ముడు