ఖలాస్ అంటే

సంత్రాగాఛి,
శుక్రవారం.

అక్కకి,

హైమ నమస్కారాలు. మేమంతా బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ అలాగే ఉన్నారని తలుస్తాను. మీ మరిది డ్యూటీలు, మా లలిత్‌గాడి ట్యూషన్లు, నా మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు పంపిన ఆవకాయ జాడీ షాలిమార్ స్టేషన్‌లో దిగేసరికి మూత దగ్గర కాస్త కారింది, లోపల మాత్రం భద్రం.

బెంగాలీ వచ్చేసిందా అని అడిగావు. వచ్చేసిందనే అందరికీ చెప్పుకు తిరుగుతున్నాను. కూరగాయలవాడితో బేరమాడతాను, పక్కింటి వదినతో, అదే ఇక్కడి మాటలో బౌదీతో, కబుర్లాడతాను. ఆ ధీమాతోనే రోజూ సాయంత్రం ఒక కోర్టు సీరియల్ చూస్తున్నాను. దొంగతనం కేసులో ఇరుక్కున్న లారీ డ్రైవరు, వాడి తరఫున వాదించే ఒక ఆడ లాయరు. ఆ లాయరంటే నాకెంత పిచ్చో! ఆవిడ నల్లకోటు సర్దుకుని లేచిందంటే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలను.

మా ఇంట్లో పనిచేసే దాలమ్మ కూడా నాతో కూర్చుని చూస్తుంది. పోయినేడాదే శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు దగ్గరకి వచ్చింది, బెంగాలీ ముక్క రాదు. నేనే తెలుగులో చెబుతుంటాను. కొడుకు పోలిరాజు గూడ్స్ యార్డులో మూటలు మోస్తాడు. సరుకు పోయిందని వాడి మీదా కేసు పెట్టారు. తియ్యలేదంటాడు. సోమవారం వాయిదా. అందుకే ఆ డ్రైవరు గెలిస్తే తన కొడుకు గెలిచినట్టేనని దాలమ్మ ఆశ.

సీజన్ చివరికొచ్చింది. మంగళవారం తీర్పు. జడ్జి "బేకసూర్ ఖలాస్" అన్నాడు. డ్రైవరు తల్లి కూలబడి ఏడ్చింది, లాయరు కళ్ళు తుడుచుకుంది, అక్కడితో ఆపేశారు. బేకసూర్ అంటే తప్పు లేనివాడని తెలుసు. ఇక మనకి ఖలాస్ అంటే పని అయిపోవడమే కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సీరియల్ రాసినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏటయ్యిందమ్మా అని దాలమ్మ అడిగితే, "ఏ తప్పూ లేదని తెలిసి కూడా వాడి పని ఖతం చేశారే. ఎంత వాదించినా కోర్టులింతే" అన్నాను. ఆమె టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు బౌదీ మొహం వెలిగిపోతోంది. ఎందుకని అడిగితే, ఖలాస్ అంటే బెంగాలీలో విడుదల చెయ్యడమట. నిర్దోషి అని వదిలేశారట. ఆ తల్లి ఏడ్చింది సంతోషంతో.

కాసేపటికి దాలమ్మ పనికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. పోలిరాజు చేత నేరం ఒప్పించేస్తానంది. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఎవరో చెప్పారట. అక్కా, ఇక్కడే నువ్వు నన్ను చీదరించుకోవాలి. నేను నోరు విప్పలేదు. ఇన్నాళ్ళూ నా మాటే వేదంగా విన్న మనిషి ముందు, నాకు భాష రాదని చెప్పుకోవడానికి నామోషీ వేసింది. రేపు చెబుదాం అనుకున్నాను. నిన్నంతా లలిత్ బట్టలు మడతపెడుతూ తప్పించుకున్నాను. ఒకళ్ళ బిడ్డ జైలుకి పోయేలా ఉంటే నేను నా పరువు చూసుకున్నాను.

ఇవాళ ఇక ఉండలేక చెప్పేశాను. తెలియక తప్పు చెప్పానని, తెలిశాక దాచానని, అన్నీ. సోమవారం ఒప్పుకోనివ్వద్దని ఆమె చేతులు పట్టుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అయితే ఆడ్ని ఒగ్గీసినారా అమ్మా?" అంది ముందు. తర్వాత చేతిలోని చీపురు దూరంగా పెట్టి కూర్చుంది.

"నిన్న సెప్పినా బాగుండేదమ్మా. తియ్యనేదే అని ఆడు ఏడుస్తన్నా ఇనకుండా, ఒప్పుకోరా అని రాత్రి చీపురు తిరగేసి కొట్టినాను. ఓర్సుకోనేక ఆకరికి తీసాననీసినాడు. ఇప్పుడు నిజంగా తీసినాడో నేదో నాకే తెలీకుండా పోయింది."

ఇట్లు,
నీకు కూడా మొహం చూపించలేని చెల్లెలు,
హైమ