సగంలో ఆపిన పడుగు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంటికి పోదామని గుడియాత్తం బస్సెక్కి కూర్చున్నాను, ఇది వేలూరు నుంచి కదిలేలా లేదు. రెండుసార్లు దిగి ఎక్కాను. నా మెడలోనూ గడ్డ వచ్చింది. పొద్దున ఇక్కడి ఆసుపత్రిలో పరీక్షకు ముక్క తీశారు. ఫలితం రావడానికి నాలుగు రోజులట.

డాక్టరమ్మకు నీ పాత రిపోర్టు చూపించాను. కణంలో తప్పు జరిగితే, అది సరయ్యేదాకా పెరగనివ్వకుండా ఆపే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. నీ లింఫోమా క్యాన్సర్‌లో అదే చెడిపోయిందట. ఇక కణాలను ఆపేవాళ్లు లేరు.

నాకు నీమీద కోపం వచ్చింది. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి, ముడేశాక గాని నాడె విసిరేవాడివి కాదు. నీ గడ్డ చూసి వేలూరు పోదామంటే మాత్రం, "సగం పడుగు మగ్గం మింద ఇడ్సి యాడికొచ్చేది మే? నేసినాక పోదాంలే" అన్నావు. అది నేశాక ఇంకో పడుగు ఎక్కించావు.

నాది ఏమీ కాకపోవచ్చు అంది డాక్టరమ్మ. కావచ్చు కూడా.

ఇప్పుడు నీ మగ్గం మీద లుంగీల పడుగు ఉంది, సగమే నేశాను. అట్లాగే వదిలేసి వచ్చాను.

తిట్టు, నాయనా.