స్వయంగా చూసినవారు

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చెరువు మధ్యలో ఉన్న బండరాయి మా ఆఫీసు అచ్చువేసిన పటంలో లేదని వెక్కిరించావు. నిజమే, లేదు. నాలుగేళ్లుగా ఆ చెరువుకి నీలం రంగు వేస్తున్నది నేనే, ఈ కుర్చీలోంచి లేవకుండా.

నువ్వు ఉద్యోగం మానేసి పిల్లలకి ఈత నేర్పుతానని అక్కడికి వెళ్లినప్పుడు, "ఆర్నెల్లలో తిరిగొస్తుంది, చూస్తూ ఉండు" అని అమ్మతో అన్నాను. నువ్వు రాలేదు సరికదా, ఫోటో పంపావు. ముక్కు ఎండకి కమిలిపోయి, ఆ రాయి మీద కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నావు. నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్ననే నన్ను మా విభాగానికి పెద్దని చేశారు. ఇంత చిన్న వయసులో ఇంకెవరికీ ఈ పదవి రాలేదట. విడిగా గది కూడా ఇచ్చారు. దానికి కిటికీ లేదు.

సరే, తప్పు దిద్దాను. దిద్దుబాటు కాగితంలో "స్వయంగా చూసినవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో నీ పేరు రాయాలి. కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి నా పేరు రాసేశాను.

సంతకం పెట్టేముందు పై అధికారి నన్ను పిలిచి అడుగుతారు. అందుకని వెంటనే జవాబు రాయి. ఆ రాయి దాకా ఈదడానికి ఎంతసేపు పడుతుంది? నీళ్లు చల్లగా ఉంటాయా?

నీ అక్క