చేతులు తడిగా ఉన్నాయి

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి మరిదికి వదిన ఆశీర్వదించి రాస్తున్నది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆ మాటకు ఈసారి చేయి రావడం లేదు. కూర్చుని చదువు నాయనా. మీ అన్నయ్య లేరు. పోయి ఏడు నెలలవుతోంది. ఎవరింట్లోనో వంటగది సింకు కింద పైపు బిగిస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయారట. గుండె అన్నారు డాక్టరు.

నీకు చెప్పకపోవడం నా పట్టింపు కాదు. నీ నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంది, దాని తాళం అంకెలు ఆయనతోనే పోయాయి. షాపులో అడిగితే, తెరవాలంటే లోపలున్నదంతా చెరిపేయాలన్నాడు. వద్దని వెనక్కి తెచ్చుకున్నాను. నువ్వెక్కడున్నావో ఎవరినడిగినా తెలియదన్నారు.

పోయిన నెల, తాళం తీయకపోయినా, ఆ ఫోన్ తెర మీద నీ పేరు, నువ్వు రాసిన మాట వెలిగాయి. "అన్నయ్యా, ఆ బాత్రూం లీకు నా తప్పే" అని. మీరిద్దరూ కలిసి చేసిన పనిలో ఒక్క పైపు జాయింటు దగ్గర మొదలైన మాట గోరంతది కొండంతై, మూడేళ్లు మొహాలు చూసుకోకుండా చేసింది. వాడి ఊసెత్తకు అని నన్ను కసిరేవారు. భోజనం దగ్గర రోజూ నీ ఊసెత్తేది ఆయనే.

నేను చదివేలోపే నీకు జవాబు వెళ్లిపోయింది. నువ్వు వెళ్లాక, పని మధ్యలో ఫోన్ ముట్టుకోలేక ముందే రాసి పెట్టుకున్న జవాబది. ఎవరు రాసినా దానంతటదే పోతుంది: "చేతులు తడిగా ఉన్నాయి. ఆరగానే నేనే ఫోన్ చేస్తా." అచ్చం ఆయన మాటే, నమ్మక ఏం చేస్తావు? రెండు రోజులాగి మళ్లీ రాశావు. అదే జవాబు. వెక్కిరిస్తున్నారనుకుని తిట్టావు. దానికీ అదే జవాబు.

ఒక్కసారి నువ్వు ఫోన్ చేసుంటే నేను ఎత్తేదాన్ని. తాళమున్నా కాల్ ఎత్తవచ్చు. నువ్వు చేయలేదు. చేస్తానన్నాడుగా, అన్నయ్యే చేయాలని కూర్చున్నావు. అన్నదమ్ములిద్దరూ ఒకే తానులో ముక్కలు.

నిన్న వచ్చింది: "నేను చచ్చాకైనా వస్తావా? ఇదీ నా అడ్రసు." అది ఉండబట్టే ఈ ఉత్తరం.

నీ మీద కోపంతో పోలేదని రాయాలని ఉంది. నాకు తెలియదు. ఆ రోజు పొద్దున కూడా టిఫిను తింటూ నిన్ను తిట్టారు. నాకు ఏడుపు కూడా రావడం లేదు. ఇంట్లో ఏ కుళాయి కారినా చూస్తూ కూర్చుంటున్నాను.

ఇట్లు,
నీ వదిన

తా.క.: ఫోన్ ఆపేసి ఉంటే నీకు ఆ జవాబులు వచ్చేవి కావు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. అయినా రోజూ చార్జింగు పెడుతున్నది నేనే. అన్నానికి ఎప్పుడొస్తారని నా ఫోన్ నుంచి రాస్తాను. వెంటనే జవాబిస్తారు. నువ్వు ఇక రాయకు. నన్ను మాత్రం మానెయ్యమనకు.