కళ్ళు దిద్దని సైన్యం

కవిటి,
12-8-2003

మరిది లోకనాథానికి వదిన ఆశీస్సులు.

సెలవు దొరకలేదని నువ్వు మూడోసారి రాసిన రోజే, ముంబైలో పాత సామాన్ల కొట్లో నువ్వు కొని మా అటక మీద పడేసిన నీ యుద్ధం ఆట పెట్టె దింపాను. లోపల నలభై సీసం బొమ్మలు, వేలెడంతవి, సగం రాక్షసులు, సగం పొట్టి వీరులు. జీడిపప్పు పొట్టు తీసే కత్తితో అంచులు గీకి, ముందు తెల్లరంగు పూసి, ఆరాక రోజుకొకటి చొప్పున రంగులు వేశాను.

"ఏటే, రాకాసులకి ముస్తాబు సేత్తన్నావా?" అని నవ్విన మీ అన్నయ్యే, ఇప్పుడు ఓ పొట్టి వీరుడికి నీ మీసం పెట్టమన్నారు. పెట్టాను.

కాలేజీకి వెళ్ళే మా సౌజన్య ఆట పుస్తకం చదివి చెప్పింది. రెండు సైన్యాలు ఉండాలట. రాక్షసులు నావాళ్ళు, పొట్టి వీరులు నీవాళ్ళు.

విగ్రహానికి కళ్ళు చివర్న దిద్దుతారు కదా, నేనూ అలాగే ఉంచాను. నిన్న నావాళ్ళకి దిద్దేశాను. నీవాళ్ళకి నువ్వే వచ్చి దిద్దుకోవాలి, నేను ముట్టను.

దసరాకి నువ్వు రాకపోయినా యుద్ధం ఆగదు. అందరికన్నా ముందు నీ మీసంవాడే నడుస్తాడు, కళ్ళు లేకుండా.

కుంచె కడిగి ఎదురుచూస్తున్న
వదిన