బొమ్మ పడని పిల్లలు

పెద్దేముల్
4 జులై 1961

ప్రియమైన సైరా,

ఈ ఉదయం బడి తాళం తీయబోతే నలుగురు ఆడపిల్లలు అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మొహాలకు పూసిన పౌడరు చెమటకు చారలు కట్టింది.

నిన్న పల్లెటూరి చదువుల మీద డాక్యుమెంటరీ తీసేవాళ్ళు వచ్చారు. ఆడపిల్లలు లేని బడి సినిమాకు పనికిరాదన్నారు. నా దగ్గరున్నది మగపిల్లలే. ఇల్లిల్లూ తిరిగి, ఒక్క పూటకు పంపమని తల్లులను అడిగాను. పంపారు. సినిమావాళ్ళు మధ్యాహ్నానికల్లా ముగించి, తెచ్చిన బల్లలు బండిలో వేసుకుని వెళ్ళిపోయారు.

ఒక్క పూటన్న మాట తల్లులకు గుర్తులేదు. ఆ నలుగురిలో పెద్దదైన నాగవ్వ తల్లి భీమమ్మ నాకే చెప్పింది: "బడికి రాకుంటే పేరు కొట్టేస్తరు గద టీచరమ్మా. సినిమాల బొమ్మ గుడ గట్లనే కొట్టేస్తరు. రోజూ పంపుత."

కాదనలేకపోయాను. పలకలు లేవు. నేలమీది నాపరాళ్ళలో తలా ఒక రాయి చూపించి సుద్దముక్క ఇచ్చాను.

నీ రూతు


వికారాబాద్
15 జులై

నా మూగ రూతుకు,

నువ్వు అబద్ధమాడలేదు, ఊరుకున్నావంతే. మనం కాన్వెంటులో చదివేటప్పుడు సిస్టరు దగ్గరా అంతే కదా. కానీ రేపు ఆ సినిమా మీ ఊళ్ళో ఆడి వెళ్ళిన మర్నాడు ఆ పిల్లలు ఇక బడికి ఎందుకు రావాలి? పిలిచింది ఒక్క పూటకేనని జర ముందే చెప్పెయ్. ఫికర్ తగ్గుతుంది.

నీ సైరా


పెద్దేముల్
10 అక్టోబరు

సైరా,

చెప్పలేదు. నాగవ్వ గుణింతాలు దాటింది. పెసర ఏరడానికి పిలిచినా భీమమ్మ పిల్లను పంపలేదు. తండ్రి ఎల్లప్ప మాత్రం దారిలో కనబడితే ఆపుతాడు. "సినిమా ఎప్పుడొస్తదో చెప్పు టీచరమ్మా. గంత దాక ఓర్సుకుంట. తర్వాత పిల్ల పనికి పోవాలె."

తాండూరు దారిలో జీపు చప్పుడైతే నా చేతిలో సుద్ద విరుగుతోంది.

రూతు


వికారాబాద్
16 జనవరి 1962

రూతూ,

నిన్న ఇక్కడ స్టేషను దగ్గర ప్రచార వ్యాను మీ సినిమా వేసింది. మగపిల్లలు, బల్లలు, రిబ్బను కత్తిరించే ఒక అధికారి. నీ ఆడపిల్లలు ఎక్కడా లేరు. నువ్వూ లేవు. పాఠం చెబుతున్న ఆ జూకాలావిడ ఎవరు? శనివారం వ్యాను మీ ఊరికే వస్తోందట. ఈ ఉత్తరం దానికంటే ముందు చేరాలి.

సైరా


పెద్దేముల్
22 జనవరి

ప్రియమైన సైరా,

నీ ఉత్తరం శనివారం పొద్దున అందింది. చెబుదామని భీమమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె పెట్టెలోంచి పెళ్ళి చీర తీసి మడతలు సాపు చేస్తోంది. జొన్నరొట్టె పెడితే తిని వచ్చేశాను.

చీకటి పడగానే తెర మీద అక్షరాలు వచ్చాయి. నాగవ్వ లేచి నిలబడి చదివింది, "మన ఊరి..."

"ఏ ఊరి?" అంది భీమమ్మ.

"మన ఊరే."

"మిగిలింది?"

"సదివే లోపలే ఉరికిందవ్వా."

భీమమ్మ సినిమా మిషను తిప్పే అతని దగ్గరికి నడిచింది. "అన్నా, జర ఎనుకకు తిప్పు. మా పిల్ల సదువుతుంది." అతను విసుక్కున్నాడు. మిగిలిన తల్లులూ లేచేసరికి తిప్పాడు. ఈసారి నాగవ్వ మొత్తం చదివింది: "మన ఊరి కొత్త బడి."

తర్వాత బొమ్మలు పోతూనే ఉన్నాయి. నేను తెరను చూడలేదు, భీమమ్మను చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక నా దగ్గరికి వచ్చింది.

"మా పిల్ల బొమ్మ పడలే, టీచరమ్మా."

"పడలేదు."

"బొమ్మ పడ్డోళ్ళు ఒక్కరన్న నోరు తెరిచిండ్రా? ఇది సదివింది."

వెనకే ఉన్న ఎల్లప్ప గొణిగాడు. "మరి పని?"

"నువ్వు పో పనికి," అంది భీమమ్మ.

ఈ రోజు సోమవారం. నలుగురూ వచ్చారు. పౌడరు లేదు. నాగవ్వ తన రాయి కడిగి, ఆరకముందే రాయడం మొదలుపెట్టింది.

నీ రూతు

తా.క. జూకాలావిడను వాళ్ళే తాండూరు నుంచి తెచ్చుకున్నారు. సినిమా తీసినంతసేపూ నేను కిటికీ బయట అద్దం పట్టుకుని, ఎండను లోపలికి కొడుతూ నిలబడ్డాను. లోపల వెలుతురు చాలలేదు.