రాతి మీద మీ పెద్దమ్మ పేరు

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా క్షేమంగానే ఉన్నాం. నువ్వూ అల్లుడుగారూ పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్లకి దగ్గు తగ్గిందా? నా మోకాలి నొప్పి సంగతి అడిగావు. మెట్లెక్కనంతసేపూ అది నా జోలికి రాదు, నేను దాని జోలికి పోను.

మన ఇంట్లో మీ పెద్దమ్మ ఫొటో ఒక్కటీ ఎందుకు లేదనీ అడిగావు. దానికి జవాబు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

యుద్ధంలో శత్రువులు మన ఊరిని పట్టుకున్నప్పుడు మా అక్క ఆ శత్రువుల ఆఫీసులోనే టైపిస్టుగా చేరింది. అరెస్టు చేయాల్సినవాళ్ళ జాబితాలు టైపు చేసేది. ఎదురైతే జనం మొహం తిప్పుకునేవాళ్ళు. నేనూ తనతో మాటలు మానేశాను.

పోయిన సోమవారం కొత్తగా కట్టిన యుద్ధ స్మారకానికి వెళ్ళాను. మన తరఫున రహస్యంగా పనిచేసినవాళ్ళ పేర్లు ఇన్నాళ్ళకి బయటపెట్టి నల్లరాతి మీద చెక్కారు. పైనుంచి పదకొండోది మా అక్క పేరు, ఇంటిపేరుతో సహా.

పాత వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

“టైపిస్టమ్మ చెల్లెలివి కదూ? వారం వారం చెప్పు తెగిందని వచ్చేదమ్మా. చెప్పు లోపలి అట్ట కింద వాడేసిన కార్బన్ కాగితం ఉండేది. వెలుతురుకి పట్టుకుంటే పేర్లన్నీ కనబడేవి. సాయంత్రంలోగా ఆ ఇళ్ళకి కబురు పంపేవాణ్ణి.”

“పారిపొమ్మని మా ఆయనకీ ఓ కబురొచ్చింది,” అన్నాను.

“ఆ రోజు కాగితం దాకా ఆగలేదు. పరుగున వచ్చి నోటితోనే చెప్పింది.”

“మరి యుద్ధం అయిపోయాకైనా నాతో అనలేదేం?”

“అప్పటికి మావాళ్ళు కొందరు ఇంకా శత్రువుల చెరలోనే ఉన్నారు. అందరూ తిరిగొచ్చేదాకా నోరు విప్పనని ఒట్టేసింది.”

ఇప్పుడు అసలు మాట రాస్తాను. యుద్ధం ముగిసిన వారానికి జనం అక్క ఇంటి మీద పడి సామానంతా వీధిలో పారేశారు. నువ్వప్పుడు నా కడుపులో ఉన్నావు. మీ నాన్న దాక్కున్న చోటి నుంచి ఇంకా రాలేదు. మిట్టమధ్యాహ్నం అక్క వచ్చి తలుపు తట్టింది. “ఒసేయ్, నేనే. ఒక్క పూట ఉండనీవే,” అంది. గడియ పెట్టిన తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. “ఇక్కడ నీకెవరూ లేరు,” అన్నాను. “మీ ఆయన్ని బతికించింది నేనే” అని ఒక్క మాట అంటే తీసేదాన్ని. అనలేదు. ఆ చలికాలంలోనే పరాయి ఊరి ఆసుపత్రిలో పోయింది. ఫొటోలన్నీ చించింది నేనే.

ఆ సోమవారం స్మారకం గుమాస్తా, బంధువులు సంతకం చేసే రిజిస్టరు పట్టుకొచ్చి, “ఆమెకి మీరేమవుతారమ్మా?” అని అడిగాడు. “ఏమీ కాను. తెలిసినదాన్ని,” అని వచ్చేశాను.

ఇంటికొచ్చి మీ నాన్నకి అంతా చెప్పాను. మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, “పద,” అన్నారు. ఆ పేరు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. నేను గుమాస్తా దగ్గరికెళ్ళి రిజిస్టరు అడిగాను.

“నిన్న ఏమీ కానన్నారు?”

“నిన్న అబద్ధం చెప్పాను నాయనా.”

నామీద కోపం వస్తే దాచుకోకు, రాయి. పిల్ల పెద్దదయ్యాక ఆ రాయి దగ్గరికి తీసుకొచ్చి పెద్ద అమ్మమ్మ గురించి చెప్పు. నేను తలుపు తియ్యని సంగతి మాత్రం దాటవెయ్యకు.

ఇట్లు,
మీ పెద్దమ్మకు చెల్లెలు,
నీ అమ్మ.